హళ్లికి హళ్లి

నా బ్యాడ్జి మీద 'నీల' అని ఉంటుంది.
నీలోత్పలని సగానికి విరిచాడు మా మేనేజరు,
నోటుకి చిల్లర ఇచ్చినట్టు.

బ్లాక్‌పూల్‌లో నవంబరు. బయట సముద్రం
రోడ్డు దాటి వచ్చేలా ఉంది.
లోపల వాతావరణం లేదు, గోడకి గడియారం లేదు.
పచ్చబట్ట పరిచిన బల్ల, చక్రం,
చక్రంలో ముప్ఫై ఏడు గదులు,
ఏ గదిలోనూ కాపురం పెట్టని తెల్ల బంతి.

పదింటికి ఆర్మెరాడ్ గారు వస్తారు.
ముప్ఫై ఒక్కేళ్లు ట్రాము నడిపిన మనిషి.
పట్టాల మీద బతికినవాడికి
దేనికైనా ఒక టైంటేబుల్ ఉంటుందని నమ్మకం.
జేబులో గళ్ల నోటుపుస్తకం, చెక్కిన పెన్సిలు.
ఎరుపు, ఎరుపు, నలుపు, ఎరుపు,
నా బంతి ఆగిన చోటల్లా రాసుకుంటారు,
పాలవాడి నాగాలు
క్యాలెండరు మీద గుర్తుపెట్టినట్టు.

ఆయన పద్ధతి చెప్తాను, రహస్యమేమీ కాదు:
నలుపు మీద ఐదు. పోతే పది. పోతే ఇరవై.
నలభై. ఎనభై. నూట అరవై.
ఎప్పుడో ఒకప్పుడు నలుపు రాక చస్తుందా?
వచ్చిన క్షణాన పోయిందంతా తిరిగొస్తుంది,
పైన ఐదు పౌండ్లు.
పోగొట్టుకున్న చోటే వెతుక్కోమన్న మాట
మా భాషలోది, ఆయనకెవరు చెప్పారో.

రాక చావదు, నిజమే.
కానీ బల్ల అంచున ఇత్తడి రేకు మీద
మూడు వందలకు మించి కాయరాదని ఉంది.
నూట అరవై తర్వాత మూడు వందల ఇరవై కదా.
మెట్లన్నీ ఎక్కాక తలుపు లేని గోడ.

డిగ్రీలో నాది గణితం. ఒక బ్రేకులో
టీ చల్లారేలోగా కాగితం కప్పు మీదే లెక్క వేశాను:
యాభై నాలుగు సార్లు ఆయన గెలుస్తారు,
ఐదు చొప్పున రెండు వందల డెబ్బై.
అటూ ఇటూగా యాభై ఐదోసారి
ఆరు దెబ్బలూ వరసగా తగులుతాయి,
మూడు వందల పదిహేను.
తేడా నలభై ఐదు.
కప్పు పారేశాను.

పద్ధతులు ఆయనొక్కరికే ఉన్నాయా?
ఒకావిడ గెలిచినప్పుడే పెంచుతుంది.
ఇంకొకాయన ముందటి రెండూ కూడి మూడోది కాస్తాడు.
ప్రెస్టన్ నించి కవలలొస్తారు,
ఒకడు ఎరుపు మీద, ఒకడు నలుపు మీద.
సాయంత్రమంతా ఒకడి డబ్బు ఒకడికి చేరుస్తాను.
సున్నా పడ్డప్పుడు మాత్రం
ఇద్దరూ కలిసి నాకేసి చూస్తారు.
హళ్లికి హళ్లి.

ఆ సున్నా పచ్చగా ఉంటుంది,
పెళ్లిలో ఎవరి తరఫో తెలియని చుట్టంలా.
నా అద్దె, నా హీటరు బిల్లు,
ఈ నల్లచొక్కా ఇస్త్రీ, అందులోంచే.
సున్నాకి విలువ లేదన్న మా లెక్కల మాస్టారిని
ఓసారి ఇక్కడికి తీసుకురావాలి.

మొన్న గురువారం ఆరూ పోయాయి.
ఏడోసారి ఆయన బిళ్లల దొంతర ముందుకు జరిపితే
రేకు వైపు వేలు చూపించాను.
చూపించడం నా ఉద్యోగం.
తగ్గించి కాయడం పద్ధతి కాదని
దొంతర వెనక్కి లాక్కున్నారు.
బంతి వదిలాను.
నలుపు. ఇరవై ఆరు. సున్నాకి పక్కిల్లు.
ఆయన పుస్తకంలో రాసుకున్నారు,
మిగతావాటంత శ్రద్ధగానూ.

నేను బయటపడేసరికి ఐదు.
ట్రాము స్టాపులో అడ్డంగా వాన. బెంచీ మీద ఆయన.
"మొదటిది ఐదూ ఇరవైకి. ఈ గాలికి
నార్త్ పియర్ దగ్గర ఇసుక పట్టాలెక్కుతుంది.
పదకొండు నిమిషాలు ఆలస్యం," అన్నారు.

చెప్పాలనిపించింది,
బంతికి పట్టాలు లేవని,
నిన్న రాత్రి సంగతి దానికి తెలియదని.
కప్పు మీది లెక్క నాలుక చివరికొచ్చింది.
ఆట గురించి బయట మాట్లాడనని
ఎప్పుడో ఓ కాగితం మీద సంతకం పెట్టాను.
అదే కారణమనుకున్నాను.

ఐదూ ముప్ఫై ఒకటికి
వానలో ఒక పసుపు దీపం మలుపు తిరిగింది.

"చూశావా నీలా?" అన్నారు,
పెన్సిలు తీసి
కొత్త పేజీ తిప్పుతూ.